గేటు నుంచి గడప దాకా

అక్కా, ఇక్కడ అందరం బాగున్నాం. ఫోన్‌లో చెబితే బావ మధ్యలోనే "అదంతా నాకెందుకప్పా" అని తుంచేస్తాడని కార్డు రాస్తున్నాను.

బొమ్మసంద్రలో మన కొత్త ఇంటి ముందు బండ్ల దారి పూర్తయింది. రాళ్ళు కొనబోతే నీ మరదలు మంజుల అద్దంలా మెరిసే నల్లరాయి దగ్గర ఆగిపోయింది. దాని మీద బకెట్ నీళ్ళు పోసి నడవమన్నాను. రెండడుగులకే జారి నా చొక్కా పట్టుకుంది. "సరే, నీ గరుకురాయే తీసుకో. డిజైన్ మాత్రం నాది" అంది. ఇప్పుడు జడ అల్లినట్టు బూడిదరంగు రాళ్ళు, రెండు పక్కలా ఎర్రరాయి అంచు. దారిన పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు. ఎక్కడా మెట్టు లేదు. డ్రైవర్ని కదా, వాలు నేనే దగ్గరుండి పెట్టించాను. "నీకు కారే లేదు, నాది పెట్టుకుంటానప్పా" అన్నాడు పక్కింటి రామయ్య. ఇప్పుడే కుదరదన్నాను.

చిన్నోడికి జ్వరం తగ్గిందా? కొంచెం ఉలవలు పంపు. బావ మూడుచక్రాల బండి వెడల్పు కొలిచి చెప్పు, గేటు చేయించాలి. భవ్య పెళ్ళిలో మండపం మెట్లెక్కలేక ఆయన బయటే, బండి మీదే, విస్తరి ఒళ్ళో పెట్టుకుని తిన్నాడు. మన ఇంట్లో అలా జరగదు. గృహప్రవేశం రోజు ఆయన హారన్ కొట్టుకుంటూ గడప దాకా రావాలి, లోపల అందరితోపాటు పంక్తిలో కూర్చోవాలి.

బావకు దండాలు, పిల్లలకు ముద్దులు. ఆ దారి మీదికి బావ బండి ఎక్కేదాకా రామయ్య కారు వీధిలోనే.

నీ తమ్ముడు
ఓబులేసు