పొదకు అవతల

జనవరి 17

తోటికోడలితో, అదే, అక్కతో మాట్లాడడం మానేశాను. డాబా మీద రేగుపళ్లు మందంగా పోశానట, అడుగున బూజు పట్టిందట. పలచగా పరచాలన్న ఇంగితం కూడా లేదని అత్తగారి ముందూ, పక్కింటివాళ్ల ముందూ నా పరువు తీసేసింది. బూజు పట్టింది నిజమే. అయినా చాటుగా చెప్పొచ్చు కదా?

జనవరి 18

మాటల్లేవు గానీ పళ్లకు కలిసే వెళ్లాం. ఆ ముళ్లపొదల్లో పక్కనున్న మనిషి కూడా కనపడదు. అందుకని కాసేపటికోసారి ఒకరు 'ఊ' అనాలి, రెండోవాళ్లు 'ఊ' అని బదులివ్వాలి. బదులు రాకపోతే బుట్ట అక్కడే పడేసి వెతుక్కుంటూ రావాలి. అడవికెళ్లే ఆడవాళ్లందరికీ ఇదే రూల్. ఊ అనడం మాట్లాడడం కిందికి రాదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

దారిలో ఫారెస్ట్ గార్డు ఆపాడు. వాగు దగ్గర ఎలుగుబంటి తిరుగుతోందట, దానికీ రేగుపళ్లంటే ప్రాణమట. నేను బుట్ట పట్టుకుని వెనక్కి తిరగబోయాను. అక్క మాత్రం, మనకి కాస్త మిగిల్చితే చాలని నవ్వేసింది.

జనవరి 19

ఇవాళ అక్క ఊ అంటే బదులుగా ఊ కూడా అనలేదు నేను.

అక్క పరుగెత్తుకుంటూ వచ్చింది. చేతుల నిండా ముళ్ల గీతలు, కొంగు చిరిగింది. నేను హాయిగా కూర్చుని పళ్లు తింటున్నాను. ఎగాదిగా చూసి, ఒక్క మాట అనకుండా వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది.

జనవరి 20

పళ్లన్నీ పలచగా పరిచాను. అక్క చూసింది. చూసి కూడా ఏమీ అనలేదు.

జనవరి 21, సాయంత్రం, హాస్పిటల్ వరండా

రాయకపోతే పిచ్చెక్కేలా ఉంది.

పెద్ద పొద. నేను ఇటువైపు. అటువైపు కొమ్మలు కదులుతున్నాయి, పళ్లు రాలుతున్నాయి, ఎవరో బరువుగా ఊపిరి తీస్తున్నారు. అక్కే అనుకున్నాను. మొహం కనపడదు కదా, ధైర్యం వచ్చింది. కడుపులో ఉన్నదంతా కక్కేశాను. అందరి ముందూ అంత మాట అంటావా, నేనేమైనా పరాయిదాన్నా, నువ్వు మాట్లాడకపోతే నాకు అన్నం సయించడం లేదు, తెలుసా అన్నాను. అటునుంచి చప్పరింపు తప్ప జవాబు లేదు. అబ్బో, ఎంత పొగరు అనుకున్నాను.

అప్పుడు వాగు వైపు నుంచి, ఎక్కడో దూరంగా, అక్క 'ఊ' అంది.

మరి ఇంతసేపూ నేను మాట్లాడింది ఎవరితో? కొమ్మల సందులోంచి నల్లటి బొచ్చు కనిపించింది.

దూరం నుంచి అక్క మళ్లీ 'ఊ' అంది. బదులిస్తే అది నా మీద పడుతుంది. ఇవ్వకపోతే అక్క వస్తుంది. తప్పకుండా వస్తుంది, మొన్న రాలేదూ? అనవే, ఊ అనవే అని లోపల మొత్తుకుంటున్నాను. గొంతు పెగల్లేదు. భయం. అంతే, వేరే కారణం లేదు.

ముళ్లలోంచి అక్క ఎర్రచీర వచ్చేస్తోంది. అప్పుడు వచ్చింది నా గొంతు. అక్కా, రావద్దు అని అరిచాను. అక్క ఆగలేదు, నా వైపే పరుగెత్తింది. ఎలుగు అటు తిరిగింది.

కట్టెలు కొట్టేవాళ్లు గొడ్డళ్లతో, కేకలతో వచ్చి దాన్ని తరిమారు. అప్పటికే అది అక్క మీద పడింది.

జనవరి 22

అక్క దవడ విరిగింది. ఆపరేషన్ చేశారు. స్పృహ రాలేదు. రేపటిదాకా ఏమీ చెప్పలేమని డాక్టరు అన్నారు. బావగారు అసలేం జరిగిందని అడుగుతారేమోనని స్తంభాల చాటున తిరుగుతున్నాను. అడిగితే ఏం చెప్పను, దేవుడా.

జనవరి 23

అడగలేదు. టీ తెచ్చిచ్చి, నువ్వేమైనా తిన్నావా అమ్మా అన్నారు.

జనవరి 24

లోపలికి రానివ్వరు. అక్క మంచానికీ నాకూ మధ్య ఆకుపచ్చ కర్టెన్. నర్సు అటు తిరగ్గానే 'ఊ' అన్నాను.

ఏమీ లేదు.

మళ్లీ అన్నాను. కర్టెన్ కదిలింది. కాదు, ఫ్యాన్ గాలి.

అవతల నుంచి, సన్నగా, 'ఊ'.