అక్క చనిపోయిన సంగతి తమ్ముడికి చెప్పనివ్వండి

రెయివా శకం 7 (2025), నవంబరు 10, సోమవారం

ఇవాగసె నిర్బంధాలయం
ముఖ్య అధికారి గారి సముఖానికి

అర్జీదారు: ముకై తెత్సురో, వయస్సు 64, నగర నీటి సరఫరా శాఖ విశ్రాంత ఇంజనీరు.

అయ్యా,

విషయం: తమ నిర్బంధంలో ఉన్న ఉరిశిక్ష ఖైదీ హినో తోషియాకు, అతని అక్క సుమియె మరణించిన సంగతి ముఖాముఖి తెలియజేయడానికి ఒక్కసారి ములాఖత్ కోరుట గురించి.

1. సదరు సుమియె నా భార్య. ఈ సంవత్సరం సెప్టెంబరు 3న క్లోమగ్రంథి క్యాన్సర్‌తో మరణించింది. మరణ ధ్రువపత్రం జతపరిచాను. తోషియాకు తల్లిదండ్రులు లేరు. పెళ్లి కాలేదు. మిగిలిన రక్తసంబంధం ఆమె ఒక్కతే. ఆమె లేదన్న సంగతి అతనికి నేటి వరకు తెలియదు.

2. అతను చేసిన నేరం గురించి నేనేమీ అడగడం లేదు. ఇద్దరు ముసలివాళ్లను చంపాడు. వాళ్ల పేర్లు నా భార్య ఏటా వాళ్లు పోయిన రోజు, మార్చి 8న, అగరువత్తి వెలిగించి పైకి చదివేది. శిక్ష తగ్గించమని గానీ, వాయిదా వేయమని గానీ ఈ అర్జీలో లేదు. ఉరి తేదీ చెప్పమని కూడా అడగను. ఆ రోజు ఉదయం గది తలుపు తీసేదాకా ఖైదీకే చెప్పరని, అంతా అయ్యాక ఇంటికి ఫోన్ చేస్తారని నాకు తెలుసు. తమ రికార్డుల్లో ఆ ఫోన్ నంబరు ఇంకా నా భార్యదే. ఆ ఫోన్‌కు రోజూ ఛార్జింగ్ పెడుతున్నాను.

3. నా భార్య ఇరవై ఒక్క ఏళ్లు ప్రతి నెలా మూడో మంగళవారం తమ వద్దకు వచ్చింది. నేను కారు నడిపేవాణ్ణి. లోపలికి ఎప్పుడూ రాలేదు. అనుమతి లేక కాదు. ములాఖత్ జాబితాలో నా పేరు పక్కన 'బావ' అని రాసి ఉండేది. నేను కారులో కూర్చుని పేపరు చదువుకునేవాణ్ణి.

లోపల అతను అడిగేవాడట.

"బావ వచ్చాడా?"

"వచ్చాడురా. కారుకి కాపలా ఉన్నాడు."

"మన డొక్కు కారుని ఎవడు ఎత్తుకుపోతాడే?"

"ఎవడూ ఎత్తుకుపోడు కాబట్టే ఆయన్ని పెట్టాను."

పక్కన కూర్చుని ఆ మాటలు రాసుకునే తమ ఉద్యోగి కూడా ఒకసారి తల వంచుకుని నవ్వాడని నా భార్య చెప్పింది.

జూన్ 17 ఆఖరిసారి. అప్పటికి మందుల వల్ల ఆమె జుట్టు రాలిపోయింది. విగ్గు పెట్టుకుంది. బుగ్గలకు రంగు రాసుకుంది. సన్నబడ్డావన్నాడట అతను. మోకాలి నొప్పితో తిండి సయించడం లేదని, వచ్చే నెల రాలేకపోవచ్చని చెప్పి వచ్చింది. కారు ఎక్కాక అడిగాను, నమ్మాడా అని.

"నమ్మాడు. వేడినీళ్ల కాపడం పెట్టుకోమన్నాడు" అంది.

4. ఆగస్టులో ఆసుపత్రి మంచం మీద ఆమె నాకు ఒక పని అప్పగించింది.

"ఏవండీ, వాడికి మీరే చెప్పాలి. ఉత్తరం వద్దు. ఉత్తరం ముందు వాళ్లు చదువుతారు, వాడు ఆఖర్న చదువుతాడు. ఎదురుగా కూర్చుని చెప్పండి."

"నేనా?"

"మీరే. ఇరవై ఒక్క ఏళ్లు పేపరు చదివారుగా. చాలు."

సరేనన్నాను.

5. సెప్టెంబరులో రాలేకపోయాను. అక్టోబరు 21, మూడో మంగళవారం, ఉదయం పది గంటలకు తమ ములాఖత్ కిటికీ వద్ద హాజరయ్యాను. బంధుత్వానికి రుజువుగా వార్డు కార్యాలయం నుంచి తాజాగా తీసుకున్న కుటుంబ రిజిస్టరు నకలు ఇచ్చాను. కిటికీలో ఉన్న ఉద్యోగి దాన్ని చాలాసేపు చదివాడు. మర్యాదస్తుడు. అతనిపై ఫిర్యాదు లేదు. సంభాషణ గుర్తున్నంతవరకు రాస్తున్నాను.

"ఖైదీకి మీరు ఏమవుతారండీ?"

"బావని."

"ఇందులో అలా లేదండీ."

"ఆయన అక్క నా భార్య. ఆవిడ పోయారు. అది చెప్పడానికే వచ్చాను."

"అయ్యో. మరణవార్త అయితే బంధువులెవరైనా తెలియజేయవచ్చండీ."

"ఉన్న బంధువు ఆవిడే."

"బావగా ఉన్న మీ పేరు ఇక చెల్లదండీ. జాబితాలో మళ్లీ కొత్తగా చేర్చాలంటే ఆవిడ పేరు తీసేయాలి. దానికి ఆవిడ సంతకం గానీ, బంధువు సంతకం గానీ కావాలి."

"ఆవిడ భర్త సంతకం సరిపోదా?"

"ఆవిడకి మీరు భర్తేనండీ. ఖైదీకి మాత్రం ఏమీ కారు. సెప్టెంబరు 12న మీరే రాసిచ్చారు కదా."

నా నకలు మీద ఒక వరుసను వేలితో చూపించాడు. వెనక నిలబడిన ఆవిడ, త్వరగా కానివ్వండి బాబూ, నాకు రైలుంది అంది. పక్కకు తప్పుకున్నాను.

6. ఆ వరుస ఏమిటో వివరించాలి.

భార్య గానీ భర్త గానీ పోయాక, పోయినవారి తరఫు వారితో చట్టబద్ధమైన బంధుత్వాన్ని తెంచుకునే కాగితం ఒకటి వార్డు కార్యాలయంలో ఉంటుంది. అత్తగారి చాకిరీ తప్పించుకోవడానికి ఆడవాళ్లు ఎక్కువగా దాఖలు చేస్తారని విన్నాను. అంత్యక్రియలైన వారానికి మా అక్క కిసాకో ఆ కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చింది.

"ఒరే తెత్సూ, ఆ పిల్ల మొహం చూసి ఇన్నేళ్లూ నోరు మూసుకున్నాను. ఇక నీకేంటిరా? రేపు వాళ్లు ఫోన్ చేసి శవాన్ని తీసుకెళ్లమంటే తీసుకొస్తావా? వాడి అస్థికలు మన సమాధిలో పెడతావా, నాన్న పక్కన?"

నేను ఆ కాగితం అందుకున్నాను.

"సంతకం చోట వేయడానికి నీ పేరు ముద్ర ఎక్కడుందో చెప్పు. నేనే తెస్తా."

ముద్ర నేనే తెచ్చాను. వార్డు కార్యాలయానికి కూడా నేనే నడిచి వెళ్లాను. కౌంటరులో ఉన్న అమ్మాయి, "దీంతో ఆవిడ తరఫు వాళ్లందరితో బంధుత్వం పూర్తిగా పోతుందండీ. మళ్లీ వెనక్కి తీసుకోవడం కుదరదు. ఇంటికెళ్లి ఆలోచించుకుని వస్తారా?" అని అడిగింది. అక్కర్లేదన్నాను.

దుఃఖంలో చదవకుండా ముద్ర వేశానని ఈ అర్జీ మొదటి చిత్తులో రాశాను. అది అబద్ధం. చదివాను. ఆ ఫోన్ నాకు రాకూడదని ముద్ర వేశాను. ఒక్కసారి వెళ్లి సుమియె చెప్పమన్న మాట చెప్పేసి, ఆపైన ఆ మనిషితో నాకు సంబంధం లేదనుకోవచ్చని ఆలోచించాను. కాగితం దాఖలు చేసి బయటికొచ్చాక బస్‌స్టాపులో కూర్చుని, ఆమె పోయాక మొదటిసారి ఆకలేసి, ఒక గిన్నె ఉడోన్ నూడుల్స్ తిన్నాను. ములాఖత్ హక్కు కూడా ఆ కాగితంతోనే పోతుందని నాకు తోచలేదు. పైపులకు ఎక్కడ వాల్వు మూస్తే ఏ వీధికి నీళ్లు ఆగుతాయో ముప్పై ఏడేళ్లు చూసినవాణ్ణి. తోచి ఉండాల్సింది.

7. ఉత్తరం వద్దని ఆమె అన్నా, దారి లేక అక్టోబరు 23న రాశాను. పంపినవారు బంధువు కానందున ఇవ్వబడలేదు అన్న చీటీతో తిరిగివచ్చింది. తోషియా పునర్విచారణ కోరలేదు కాబట్టి అతనికి న్యాయవాది లేడు. మతగురువును కలవడానికి అతను ఎన్నడూ ఒప్పుకోలేదు.

అయితే అతని ఉత్తరాలు మాకు వస్తూనే ఉన్నాయి. జాబితాలో నా భార్య పేరు ఇంకా ఉంది కాబట్టి తమ కార్యాలయం వాటిని పంపుతోంది. ఆమె పేరు మీద వస్తాయి. నేను విప్పుతాను. జవాబివ్వడానికి నాకు హక్కు లేదు.

సెప్టెంబరుది: "అక్కా, రాలేదంటే మోకాలికి ఆపరేషన్ గానీ అన్నారా? భయపడకు. బావని రెండు పూటలా వంట చేయమను. చేతకాదని తప్పించుకుంటాడు, వదలకు."

అక్టోబరుది: "అక్కా, కోపం వచ్చిందా? జూన్‌లో సన్నబడ్డావన్నందుకా? ఊరికే అన్నానే."

మొన్న శనివారం వచ్చినది: "రావడం ఇష్టం లేకపోతే రావద్దు. ఇన్నేళ్లు వచ్చావు, అదే ఎక్కువ. ఆ మాట ఒక్కటి రాసి పంపు. మంగళవారాలు గడ్డం గీసుకోవడం మానేస్తాను."

ఈ మూడూ తమ ఉద్యోగులు చదివి ముద్ర వేసి పంపినవే. కాబట్టి ఇతను ఏమనుకుంటున్నాడో తమకు నాకంటే రెండు రోజుల ముందే తెలుసు.

నా భార్య చేతిరాత నాకు వచ్చు. ఆమె పేరుతో రాస్తే తనిఖీ దాటి అతనికి చేరుతుందని కూడా తెలుసు. ఆదివారం రాయడానికి కూర్చున్నాను. మోకాలు నయమైందని రాయగలను. నేను చచ్చిపోయానురా అని ఆమె అక్షరాలతో ఎలా రాయాలో తెలియలేదు. చించేశాను. ఇది నేరమైతే ఒప్పుకుంటున్నాను.

8. కనుక ప్రార్థించునది:

బంధువుగా కాకపోయినా, మరణవార్త మోసుకొచ్చిన మనిషిగా నాకు ఒక్క ములాఖత్ ఇప్పించండి. పదిహేను నిమిషాలు చాలు. చెప్పేది ఒక్కటే వాక్యం. మిగతా సమయం అతను అడిగేవాటికి జవాబులు. ప్రతి మాటా రాసుకోండి. మళ్లీ రానని ముద్ర వేసి ఇమ్మంటే ఇస్తాను. మళ్లీ రావచ్చంటే ప్రతి నెలా వస్తాను. కారులో కూర్చోను.

అది సాధ్యం కాకపోతే, తమ సిబ్బందిలో ఎవరో ఒకరిచేత ఈ సంగతి నోటితో చెప్పించండి. అక్క తనను వదిలేసిందనుకుంటూ అతను ఆ తలుపు దాటకూడదు. నేను కోరేది ఇంతే.

ఇక ఆ ఫోన్ సంగతి. తమ రికార్డుల్లో నా భార్య నంబరు కొట్టేసి నాది రాయండి. చట్టప్రకారం నేను ఏమీ కానని తెలుసు. ఫోన్ చేయండి. ఏ గంటకు రమ్మంటే ఆ గంటకు వస్తాను. అతన్ని తీసుకెళతాను. మా అక్కతో నేను మాట్లాడుకుంటాను.

ఒక మనిషికి చావు కబురు చెప్పడానికి బంధుత్వమే ఉండాలా అన్నది తమరే చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ముకై తెత్సురో (ముద్ర)

తాజా కలం:

అయ్యా, సిబ్బందిచేతనే చెప్పించేటట్టయితే దయచేసి ఉదయంపూట చెప్పించకండి. అలవాటు లేని అడుగుల చప్పుడు ఉదయం తన తలుపు ముందు ఆగితే అతను ఇంకేదో అనుకుంటాడు. మీరు నోరు విప్పేలోపే సగం చచ్చిపోతాడు. ఆ తర్వాత అక్క గురించి విని, తన కోసం కాదని ఊపిరి పీల్చుకుంటాడు. అలా పీల్చుకున్నందుకు జీవితాంతం, అది ఎంత ఉంటే అంత, తనను తాను తిట్టుకుంటాడు.

శుక్రవారం మధ్యాహ్నం చెప్పండి, భోజనం గిన్నెలు తీసేశాక. శని, ఆదివారాలు ఆ పని జరగదని అతనికీ తెలుసు. క్యాలెండరు చూశాను. ఈ నెల 21 శుక్రవారం చెబితే, ఆ తర్వాత 24 సోమవారం కూడా సెలవు. మూడు రోజులు వస్తాయి. పగలు పడుకోకూడదన్న నియమం ఉందట. ఆ మూడు రోజులూ చూసీ చూడనట్టు వదిలేయండి. గోడ వైపు తిరిగి పడుకోనివ్వండి.