సింహం ఒప్పుకుంది

కాషాన్ ఏలే ఖాన్ గారికి, మీ టంకసాలలో రాగి నాణేలకు అచ్చులు చెక్కేవాడి సలాములు.

సింహం నాణెం మీద ఆ మాట ఎవరు చెక్కారని అడిగించారు. నేనే. సుత్తి కొట్టేవాళ్ళను వదిలేయండి, వాళ్ళకు అక్షరం ముక్క రాదు.

కొత్త ఏడాది మొదలయ్యే ప్రతి నవ్రోజుకీ మీరు నాణెం మీద కొత్త జంతువును చెక్కిస్తారు. మర్నాటి నుంచి పాత నాణెం విలువ సగమైపోతుంది. ఆ సగానికే దాన్ని కొని, అదే రాగి మీద కొత్తది కొట్టిస్తారు. మా ఊరి రాగి పొలిమేర దాటితే చెల్లదు కనుక జనానికి వేరే దారి లేదు. నిరుడు కుందేలును చంపి నెమలిని తెచ్చారు. ఈ ఏడు నెమలిని చంపడానికి సింహం కావాలన్నారు. చెక్కాను. దాని కాళ్ళ కింద "నెమలీ చెల్లుతుంది" అని కూడా చెక్కాను.

అచ్చు మీద అక్షరాలు తిరగేసి ఉంటాయి. మీ లేఖకుడు మీర్జా నూరుల్లా అటూ ఇటూ తిప్పి చూసి, "భేష్ ఉస్తాద్! మీసాలు మహా బాగా కుదిరాయి" అని వెళ్ళిపోయారు. చదవలేకపోయానని చెప్పుకోవడం ఆయనకు నామోషీ.

నిన్న రొట్టెలమ్మే గులందాం నెమలి నాణేన్ని పూర్తి విలువకే తీసుకుంటుంటే మీ భటుడు అడ్డుపడ్డాడు. "ఏమయ్యా, సింహమే ఒప్పుకుంటే మధ్యలో నీకేం నొప్పి?" అందామె. బజారంతా నవ్వింది.

ఆ మాట అబద్ధమని చాటింపు వేయిస్తే మీ సింహమే దొంగ నాణెమవుతుంది. నిజమంటే నెమలి బతుకుతుంది.

నా చేతులు నరికిస్తారని మీర్జా అంటున్నారు. సింహం అచ్చు అప్పుడే అరిగిపోతోంది. రెండోది చెక్కాలంటే ఈ చేతులే కావాలి. మాట మాత్రం మారదు.