పక్క సీట్లో అడ్డుచెక్క

గాజువాక,
శనివారం.

మహారాజశ్రీ పూజ్యులు నాన్నగారి దివ్య సముఖమునకు,

ఈ ఉత్తరం చదవబోతున్నందుకు తమరు ముందుగా నన్ను క్షమించాలి. నా దస్తూరీకి, కాగితం మీద పడిన టీ మరకకి, నాలుగేళ్ళ నా మెకానికల్ ఇంజనీరింగ్‌కి, అందులో రెండేళ్ళు క్యాంటీన్లో చదివినందుకు, విశాఖపట్నంలో ఇన్ని కొండలు ఉన్నందుకు, ఎక్కిన ప్రతి కొండనీ అవతలి వైపు దిగాల్సి వస్తున్నందుకు, చివరికి ఈ భూమికి ఉన్న ఆకర్షణ శక్తికి కూడా పూర్తి బాధ్యత నాదే. శిరసు వంచి నిలబడ్డాను. నిజానికి కూర్చునే రాస్తున్నాను గానీ, భావం అది.

ఇక్కడ అమ్మ బాగుంది, నాగశ్రీ బాగుంది, రెండు మోచేతుల మీది చర్మం మినహా నేనూ బాగున్నాను. నువ్వక్కడ మంచులో మోకాలికి పట్టీ కట్టుకుంటున్నావనీ, పెద్ద బండ్లు నడిపే పని కుర్రాళ్ళకి వదిలేశావనీ నమ్ముతున్నాను. తమరు అని మొదలుపెట్టి నువ్వులోకి జారిపోయాను చూశావా. ఈ మధ్య జారడం ఎక్కువైంది.

ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. మీ రోడ్డు పనుల క్యాంపులో సిగ్నలు దొరికేది పదిహేను రోజులకోసారి. దొరికినప్పుడల్లా అమ్మ స్పీకర్ పెట్టి, చేతిలో గరిటతో నా పక్కనే నిలబడుతుంది. ఇది గరిట ముందు చెప్పే విషయం కాదు.

నువ్వడిగినవాటికి జవాబులు. అమ్మ షుగరు పరీక్ష చేయించుకుంది. తగ్గింది. తగ్గిన ఆనందంలో మాడుగుల హల్వా తింది, కాబట్టి మళ్ళీ చేయించాలి. నాగశ్రీ పరీక్షలు బాగానే రాశానంటోంది, పేపర్లు దిద్దేవాళ్ళ అభిప్రాయం ఇంకా తెలియలేదు. నీ జీపుని వారానికోసారి స్టార్ట్ చేసి పది నిమిషాలు తిప్పమన్నావు. తిప్పాను. పది నిమిషాలకి కాస్త ఎక్కువైంది.

కిందటి ఉత్తరంలో ‘బండికి ట్రైలరు కట్టి కారు తీసుకెళ్ళాలంటే ఎలాంటి బండి ఎంచుకోవాలి? ఊరికే జనరల్ నాలెడ్జ్ కోసం’ అని అడిగాను కదా. అది జనరల్ నాలెడ్జ్ కాదు. నీ జవాబు మొన్న గురువారం వచ్చింది. అప్పటికి నాలుగు రోజుల ముందే, ఆదివారం, అంతా అయిపోయింది. నువ్వు సలహా చెప్పకుండా ఎదురు మూడు ప్రశ్నలు వేశావు. ముందు బండి బరువెక్కువా, వెనక బరువెక్కువా? ట్రైలరుకి సొంత బ్రేకులున్నాయా? పక్క సీట్లో ఎవరు? ఆ మూడు లైన్లూ గేటు దగ్గర నిలబడే చదివాను. చదివాక మెట్ల మీద కూర్చున్నాను. నాగశ్రీ వచ్చి ‘ఏటన్నయ్యా, మొహం అలాగుంది?’ అంది. ఎండ అన్నాను.

సంగతేమిటంటే, రుషికొండలో ఉండే శివరామకృష్ణ గారికి కొండ అవతల యారాడలో కొత్త రిసార్టు ఉంది. ఆయనకి ఒక ఎర్ర స్పోర్ట్స్ కారు కూడా ఉంది. ప్రారంభోత్సవం నాడు ఆ కారు రిసార్టు గేటు ముందు నిలబడాలి. దాని కడుపు రోడ్డుకి నాలుగు వేళ్ళ ఎత్తులో ఉంటుంది. ప్రతి స్పీడ్ బ్రేకరూ దానికి గండమే. అందుకని ఆయన ట్రైలరు కొన్నాడు. ట్రైలరుకి ముందు కట్టే బండి కోసం మన దాలయ్య మావయ్య షెడ్డుకి వచ్చాడు. మావయ్యేమో, ‘మా శ్రీరామ్మూర్తి బావ కొడుకు ఇంజినీరండి, ఆడే లెక్కేసి సెప్తాడు’ అని నన్ను సింహాసనం మీద కూర్చోబెట్టాడు.

లెక్క వేశాను నాన్నా. లాప్‌టాప్ తెరిచి, రంగుల గ్రాఫు గీసి మరీ వేశాను. మావయ్య చూపించిన పెద్ద పికప్ శివరామకృష్ణ గారికి నచ్చలేదు. ‘కొబ్బరి బొండాల బండి వెనక నా కారా?’ అన్నాడు. ఆయన సొంత ఎస్‌యూవీకి కొక్కెం బిగించాలంటే బంపరు కొయ్యాలి, అందుకు ఆయన మనసొప్పలేదు. ఇక మిగిలింది నీ జీపు. కొక్కెం ఉంది, నాలుగు చక్రాలకీ శక్తి ఉంది, ఎర్ర కారు ముందు నిలబడితే ఫొటోకి బాగుంటుంది. యారాడ కొండ ఎక్కించగలదా అన్నది లెక్కగట్టాను. ఎక్కించగలదని తేలింది. లెక్క అక్కడితో ఆపేశాను.

మావయ్య గ్రాఫు వైపు చూసి, ‘ఎక్కుతాది సరే అల్లుడూ, దిగడం మాటేటి?’ అన్నాడు.

‘దిగడానికి శక్తి ఎందుకు మావయ్యా, అదే దిగుతుంది’ అన్నాను. షెడ్డులో అందరూ నవ్వారు. నేనే ఎక్కువ నవ్వాను.

కాబట్టి నీ మొదటి ప్రశ్నకి జవాబు: జీపు పదమూడు వందల కిలోలు, వెనక కారూ ట్రైలరూ కలిపి రెండు వేల వంద. రెండో ప్రశ్నకి జవాబు: ట్రైలరుకి బ్రేకులున్నాయి. అవి పనిచెయ్యాలంటే ముందు బండి నుంచి కరెంటు రావాలి, మన జీపుకి ఆ సాకెట్ లేదు. వేలాడుతున్న వైరు చివర నల్ల టేపు చుట్టి నీట్‌గా కట్టాను. చూడ్డానికి చాలా బాగుంది. మూడో ప్రశ్న సంగతి తర్వాత.

ఆదివారం పొద్దున్నే సింధియా జంక్షన్ వైపు నుంచి కొండెక్కాం. మావయ్య స్టీరింగ్ దగ్గర, నేను పక్కన. నా ఒళ్ళో నీ తుమ్మచెక్క. ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు పక్క సీటు వాడు పాసింజరు కాదు, బండి ఆగకపోతే దిగి చక్రానికి చెక్క వెయ్యాల్సిన వాడు అని నా చిన్నప్పుడు నువ్వు చెప్పావు కదా. ఆ మాట మావయ్య మర్చిపోలేదు. బయల్దేరే ముందు తనే తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. జీపు మూలుగుతూనే పైదాకా ఎక్కింది. పైన ఆగి, సముద్రాన్ని చూసి, నా లెక్కకి నేనే నమస్కారం పెట్టుకున్నాను.

దిగడం మొదలైన రెండో మలుపులో మావయ్య బ్రేకు గట్టిగా తొక్కాడు. మొదటి గేరులో వేశాడు. జీపు ముక్కుతోంది గానీ ఆగడం లేదు.

‘అల్లుడూ, ఎనక నుంచి ఎవుడో తోత్తన్నట్టుందిరా.’

‘ఎవరూ లేరు మావయ్యా. మన కారే.’

జోకనుకుని అన్నాను. ఆయన నవ్వలేదు. బ్రేకులు కాలిన వాసన వచ్చింది. ‘పెడలు మెత్తబడిపోనాదిరా’ అన్నాడు, ఇంట్లో పప్పు మెత్తబడిందన్నంత మామూలుగా. కుడి పక్కన మోకాలెత్తు గోడ, దాని అవతల ఏమీ లేదు, ఎక్కడో కింద నీళ్ళు. నాన్నా, నాకు ఆ గోడ రంగు ఇప్పటికీ కళ్ళలో ఉంది.

ఆ తర్వాత జరిగింది యారాడ ఊరంతా చెప్పుకుంటోంది. ఎదురుగా ఆటోలో చేపల గంపతో పైకి వస్తున్న పోతమ్మ అనే ఆవిడ కళ్ళారా చూసిందట. మర్నాడు వంజరం చేప పట్టుకుని మరీ మనింటికొచ్చింది. అమ్మ ముందు చేతులు తిప్పుతూ చెప్పింది.

‘ఒలమ్మా, బండెలిపోతంటే మీ గుంటడు సెక్కట్టుకుని దూకీసినాడమ్మా! పేనం సూసుకోనేదు! ఏటి తిని కన్నావమ్మా ఇలాటోడ్ని!’

ఏం తిన్నదో అమ్మ ఆలోచించి మరీ చెప్పింది. ఇద్దరూ ఏడ్చారు. ఇప్పుడు మన వీధిలో నేను నడిస్తే పాలబ్బాయి హారను కొడుతున్నాడు. శివరామకృష్ణ గారు రిసార్టులో ఒక రోజు ఉచిత బస ఇచ్చాడు. ఎందుకంటే కారు మీద గీత కూడా పడలేదు. మావయ్య జీపుని ఎడమవైపు కొండకి ఒరిపించి, ముప్పై గజాలు మట్టికి రాసుకుంటూ పోయి, చక్రాన్ని కాలవలో దించి ఆపాడు. నీ జీపు ఎడమ తలుపు ఇక తెరుచుకోదు. మావయ్య నుదుటి మీద నాలుగు కుట్లు పడ్డాయి, భుజం వాచింది.

ఆస్పత్రిలో అమ్మ కన్నీళ్ళతో, ‘మావోడు ఏటి సేసినాడు దాలయ్యా, నువ్వు సెప్పు’ అంది. మావయ్య నా వైపు చూశాడు. ‘దూకీసినాడక్కా’ అన్నాడు. అంతకంటే ఎక్కువా అనలేదు, తక్కువా అనలేదు.

అప్పట్నించీ నాకు భయం తగ్గడం లేదు. సిటీ బస్సు ఫ్లైఓవర్ దిగుతుంటే ముందు సీటు రాడ్డు రెండు చేతులా పట్టుకుంటున్నాను. కండక్టరు ‘ఏటి బాబూ, విమానమనుకున్నావా?’ అన్నాడు. కాలేజీలో అయితే వాడికి మూడు జవాబులు ఇచ్చేవాణ్ణి. ఇప్పుడు రాడ్డుని ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాను.

అసలు భయం ఇది. ఇప్పుడు రిసార్టు గేటు ముందున్న ఆ కారు ఇంటికి తిరిగి రావాలంటే, వచ్చే నెల మొదటి ఆదివారం అదే కొండెక్కి, ఇటు వైపు దిగాలి. బండి ఎంపిక అయిపోయింది: మావయ్య మొదట చూపించిన పెద్ద పికప్పే. ఈసారి గ్రాఫు గియ్యలేదు. లారీల కాటా మీదికి తీసుకెళ్ళి ముందూ వెనకా తూయించాను. పికప్‌లో ఇసక బస్తాలు వేసి, ముందు బరువే ఎక్కువయ్యేలా చూశాను. సాకెట్ బిగించి, ఖాళీ రోడ్డు మీద ట్రైలరు బ్రేకు పదిసార్లు నొక్కించాను. ఇందులో తప్పేమైనా కనిపిస్తే వెంటనే రాయి. మావయ్య మాత్రం ఒక్కటే షరతు పెట్టాడు: ‘పక్క సీట్లో వంశీగాడుంటేనే నాను స్టీరింగ్ పట్టుకుంతాను.’

అది నమ్మకమో, నాకు వేసిన శిక్షో తెలియడం లేదు. ఆయనకి తెలుసో లేదో కూడా తెలియదు. కట్టు కట్టిన ఆ మొహం చూసి అడగలేకపోతున్నాను. తెలియకపోతే మాత్రం, ఆయన ఆ ఆదివారం తన ప్రాణం తప్పుడు మనిషి ఒళ్ళో పెడుతున్నాడు. అందుకే ఈ కాగితాలు పోస్టు డబ్బాలో వేసే ముందు షెడ్డుకి వెళ్ళి ఆయనకి చదివి వినిపిస్తాను. విన్నాక పక్క సీట్లో ఎవరో ఆయనే చెబుతాడు.

మూడో ప్రశ్న. పక్క సీట్లో నేనే నాన్నా. బండి అప్పటికి మనిషి నడిచే వేగంలోనే ఉంది. ‘వంశీ, దిగి సెక్కెయ్’ అని మావయ్య రెండుసార్లు అన్నాడు. నేను తలుపు తీసి దూకాను. ట్రైలరు చక్రం నా పక్కనుంచే మెల్లగా వెళ్ళింది, వంగితే అందేంత దగ్గర. వంగలేదు. చెక్కని రెండు చేతులా గుండెకి హత్తుకుని, కొండ వైపు పరిగెత్తాను. చెక్క ఇప్పుడు నా మంచం కింద ఉంది. దాని మీద టైరు గుర్తు లేదు.

ఇట్లు,
నీ కొడుకు
వంశీ