మూత బిగించిన చెయ్యి

చెల్లాయికి,

మీ ఇంటికి మూడు స్టాపుల అవతల ఉన్న అన్నయ్య పోస్టులో ఉత్తరం రాస్తున్నాడంటే నవ్వుతావు. నవ్వుకో. నిన్న ఆదివారం మీ ఇంట్లో తిన్నాను, నీ కూతురి కబుర్లు విన్నాను. చెప్పాల్సింది గొంతుదాకా వచ్చింది. మంచినీళ్ళు తాగి కిందికి దింపుకుని వచ్చేశాను. నోటితో చెప్పడం నావల్ల కాదని నీకు తెలుసు. నాది ఐదో తరగతి రాత, తప్పులుంటే సర్దుకుని చదువు. చదివాక బావకు చెప్పాలో వద్దో నువ్వే తేల్చు.

రెండు నెలల కిందట పాత సామాన్ల కొట్లో ఒక బంగారు చేతిగడియారం కొన్నాను. ధర రాయను, తిడతావు. చాలా గొప్ప కంపెనీది. నలభై ఏళ్ళు అలాంటివి ఎవరెవరి చేతులకో బాగుచేసి పెట్టాను, ఒకటి నా చేతికీ ఉంటే ఏం పోయిందనిపించింది. అంచులు అరిగి అరిగి వాడేసిన సబ్బుబిళ్ళలా ఉంది. అద్దం నిండా గీతలు, ముల్లు ఎక్కడుందో కనపడదు. కీ ఇచ్చే బుడిపె నున్నగా అయిపోయి వేలికి దొరకదు. ఆరు అంకె దగ్గర తేనె రంగు మరక. కొట్టువాడు మంచివాడు. "పెద్దాయనా, ఇది నడవదు, చూసుకోడానికే" అన్నాడు. "నేనూ అంతేలే నాయనా" అన్నాను. అతను నవ్వాడు. నా మాటకు ఒకరు నవ్వడం నాకే కొత్త.

ఇంటికొచ్చి వెనక మూత తిప్పితే మురికికి బిగుసుకుపోయి రాలేదు. నూనె చుక్క వేసి ఒక రోజు ఆగాను, అప్పుడు వచ్చింది. గడియారం బాగుచేసినవాడు మూత లోపలివైపు సూదితో తన గుర్తూ, నెలా, సంవత్సరమూ గీస్తాడు. మా పనిలో అది పద్ధతి. తర్వాత ఆ గడియారానికి ఏమయినా గుర్తున్నవాడిదే పూచీ. భూతద్దం కంటికి పెట్టుకుని చూశాను. రెండు నిలువు గీతలు, పక్కన చిన్న సున్నా. షాపులో నా పక్కన పనిచేసినప్పుడు బావ గీసే గుర్తు. కింద నీ కూతురు పుట్టిన నెల, పుట్టిన సంవత్సరం. ఆ మరక ఏమిటో అప్పుడు తెలిసింది. మూత చేతిలోంచి జారి మంచం కిందకు దొర్లిపోయింది. వంగి దాన్ని తీయడానికి నాకు చాలాసేపు పట్టింది.

నీకు నొప్పులొస్తున్నాయని షాపుకి కబురొచ్చిన రోజు గుర్తుందా. నీకెందుకు గుర్తుండదు. బావ కుర్చీ పడేసుకుని పరిగెత్తాడు. ఆ గడియారం పని దాదాపు అయిపోయింది, గుర్తు కూడా గీసేశాడు. మూత ఊరికే ఆనించి వెళ్ళాడు, బిగించలేదు. లోపలికి నీళ్ళు దిగకుండా మూత కింద వేసే రబ్బరు రింగు ఇంకా గ్రీజు గిన్నెలోనే ఉంది. వచ్చి వేద్దామనుకుని ఉంటాడు. మధ్యాహ్నం గడియారం తాలూకు మనిషి వచ్చి కూర్చున్నాడు. లోపలినుంచి ఓనరు "ఏమయ్యా, అయిందా లేదా" అని కేకేశాడు. నేను బావ బల్ల మీదనుంచి తీసి, మూత బిగించి ఇచ్చేశాను. ఎత్తి చూడలేదు. ఎత్తి చూడకుండా మూత బిగించకూడదని పనిలో చేరిన మొదటిరోజే నేర్పుతారు.

సాయంత్రం నేను బావ బల్ల సర్దుతుంటే గిన్నెలో రింగు కనిపించింది. ఓనరుతో ఒక్క మాట చెబితే, ఆ మనిషి ఇంటికి వెళ్ళి గడియారం వెనక్కి తెచ్చేవాళ్ళం. ఓనరు నోరు తలుచుకున్నాను. రింగు మురిక్కాలవలో పారేసి, ఆస్పత్రికొచ్చి నీ కూతుర్ని ఎత్తుకున్నాను.

మూడు నెలలకు గడియారం తిరిగొచ్చింది, కడుపునిండా నీళ్ళతో. ఓనరు అందరి ముందూ మూత తీసి గుర్తు చూపించాడు. రింగు ఉండాల్సిన గాడి ఖాళీగా ఉండటం బావ చూశాడు. "కబురొచ్చిన కంగారులో రింగు వెయ్యకుండా బిగించేసి ఉంటాను" అన్నాడు. ఉంటాను అన్నాడు చెల్లాయీ, బిగించేశాను అనలేదు. నేను నోరు తెరవడానికి ఆ మాటలో కావలసినంత చోటుంది. పక్క కుర్చీలో తల వంచుకుని ఎవరిదో స్ప్రింగు సరిచేస్తూ కూర్చున్నాను. బావను ఆ రోజే పంపించేశారు.

ఉద్యోగం మాట కాదు. గోదాములో తూకం పని దొరికింది, మీరు బతికారు, పిల్లను చదివించారు. వేరే షాపువాళ్ళు పిలిచినా బావ మళ్ళీ గడియారం ముట్టలేదు. "నా చేతిని నేను నమ్మను" అన్నాడు. అక్కడితో ఆగిందా. తాళం వేసి వీధి చివరిదాకా వెళ్ళి "ఉండండి, మరోసారి చూసొస్తా" అని వెనక్కి తిరుగుతాడు. పొయ్యి మరోసారి, కుళాయి మరోసారి. మనవలు "మరోసారి తాతయ్య" అని పేరు పెట్టేశారు. నీ కూతురయితే "నేను పుట్టిన రోజే మా నాన్న మతి పోయింది" అని ఇంటికొచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్విస్తుంది. బావ కూడా వాళ్ళతో కలిసి నవ్వుతాడు. నేనూ నవ్వాను. ఎన్ని ఆదివారాలు నవ్వానో.

బావ ఖాళీ చేసిన కిటికీ పక్క కుర్చీ నాకిచ్చారు. వెలుతురు బాగా పడుతుంది. ఎనిమిదేళ్ళ కిందట పని మానేసేదాకా ముప్పై రెండేళ్ళు అందులో కూర్చున్నాను. అమ్మ మందులనీ అవీ ఇవీ సాకులు చెప్పను. భయం, అంతే.

గరుకు కాగితంతో నాలుగు రుద్దులు రుద్దితే ఆ గుర్తు పోతుంది. రెండుసార్లు కాగితం చేతిలోకి తీసుకున్నాను. పెట్టేశాను.

నీ అన్నయ్య


చెల్లాయికి,

జవాబు అందింది. "చదివాను. ఆయనకు ఇచ్చాను." ఇంతే రాశావు. ఎలా ఉన్నావని అడగలేదు. అడగకపోవడమే న్యాయం.

కింద బావ రాసింది పదిసార్లు చదివాను. "ఉత్తరాలు రాయడం నీకు సుఖం. నన్ను చూసి నవ్వినవాళ్ళకు చెప్పు. నోటితో. ఆదివారం అందరూ ఇంట్లోనే ఉంటారు." బావ అక్షరాలు ఇప్పటికీ ముత్యాల్లా ఉన్నాయి. ఆ చెయ్యి తప్పు చేసిందని ఇన్నాళ్ళు ఎలా నమ్మనిచ్చాను.

ఒక మాట అడుగుతాను, కోప్పడకు. నేను రాసిస్తాను, నీ కూతురు అందరికీ చదివి వినిపిస్తే సరిపోదా? నేను పక్కనే నిలబడతాను, ఎక్కడికీ పోను. బావను అడిగి చూడు. వద్దులే, అడగకు. ఏమంటాడో నాకు తెలుసు.

పగలు గడియారం పని చేస్తున్నాను. పూర్తిగా విప్పి, పెట్రోలులో కడిగి, చక్రాల పళ్ళ మధ్య తుప్పు పుల్లతో గీకాను. రెండు చక్రాలు పనికిరావు. పాత గడియారాల పెట్టెలో వెతికి జత కుదిర్చాను. ఒక మర ఎగిరి పక్కబట్టల్లో పడితే వెతకడానికే పూట పోయింది. అద్దం కొత్తది వేశాను. డయలు మీద మరక తీసేసి కొత్తదానిలా రంగు వేయిస్తానని తెలిసినవాడొకడు అన్నాడు. వద్దన్నాను.  

సాయంత్రాలు గోడకు చెప్పుకుని చూస్తున్నాను. "బావ తప్పేమీ లేదు" వరకూ బాగానే వస్తోంది. తర్వాత "తప్పు నాది" అనాలి. గోడ ముందు కూడా అక్కడ ఆగిపోతున్నాను. పక్క గదివాళ్ళు "తాతకు తోడెవరో వచ్చినట్టున్నారే" అనుకుంటున్నారట.

ఆదివారం వస్తాను.

నీ అన్నయ్య


చెల్లాయికి,

ఇంట్లో జరిగింది నువ్వు చూశావు. నేను లేచి నిలబడగానే నీ కూతురు "మామయ్య ఉపన్యాసం ఇస్తాడర్రా, వినండి" అని చప్పట్లు కొట్టింది. నాకు నాలుగు మాటలే వచ్చాయి. రింగు నేను చూడలేదు, మూత నేను బిగించాను, మీ నాన్న కాదు, తప్పు నాది. మొదట ఇదేదో జోకనుకుంది. బావ మొహం చూశాక ఆమె చప్పట్లు కొట్టిన చేతులు ఒడిలో పెట్టుకోవడం చూశాను. "మరి ఇన్నేళ్ళూ నన్నెందుకు నవ్వనిచ్చావు మామయ్యా" అంది. పెద్ద మనవడు లేచెళ్ళి తాతయ్య పక్కన కూర్చున్నాడు. నువ్వు పళ్ళాలు తీస్తూ ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు.

బావ నాతో బస్టాపుదాకా వచ్చాడు. దారిలో ఏమయిందని అడిగితే నీకు చెప్పడంలేదని రాశావు. నేను చెప్తాను. ఇక నీ దగ్గర ఏదీ దాచను.

మందుల కొట్టు దగ్గర ఆగి అడిగాడు.

"ఆ రింగు ఏం చేశావు?"

"కాలవలో పారేశాను."

"ఎప్పుడు?"

చెల్లాయీ, మొదటి ఉత్తరంలో ఆ సాయంత్రమే పారేశానని రాశాను. అబద్ధం. నీతో కూడా ఆడాను. అడిగింది బావ గనక, రోడ్డు మీద నిజం వచ్చేసింది.

"నిన్ను పంపించేసిన రోజు. మూడు నెలలూ జేబులోనే ఉంది. ఓనరు నిన్ను అడిగినప్పుడు కూడా జేబులోనే ఉంది బావా."

వెనకనుంచి సైకిలువాడు గంట కొడితే నేనే బావ చెయ్యి పట్టి పక్కకు లాగాను. చెయ్యి విదిలించుకుని అన్నాడు.

"నీకు తెలీదు బావా. తప్పు నాదే అనుకున్నన్నాళ్ళూ నాకు పోయింది ఉద్యోగం ఒక్కటే. పక్కన నువ్వున్నావు అనుకునేవాణ్ణి. ఆదివారం పూట ఇదిగో మా బావ, నన్ను ఒక్క మాట అనని మనిషి అనుకునేవాణ్ణి. ఇవాళ దాన్ని కూడా పట్టుకుపోయావు."

నేను క్షమించమనలేదు. అది అడిగే మొహం కాదు నాది. స్టాపులో బల్ల మీద ఈ చివర నేను, ఆ చివర బావ. ఒక బస్సు వచ్చి పోయింది, నేను ఎక్కలేదు. రెండోది కూడా పోయింది.

"తెచ్చావా?" అన్నాడు.

జేబులోంచి గడియారం తీసిచ్చాను. వెనక్కి తిప్పి చూస్తాడనుకున్నాను, చూడలేదు. మరక వైపు కూడా చూడలేదు. చెవి దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. నలభై ఏళ్ళుగా గడియారం ముట్టని మనిషి. రోడ్డు మీద లారీలు పోతున్నాయి.

"కుంటుతోంది" అన్నాడు.

"ఎక్కడ?"

"టిక్కుకీ టక్కుకీ ఎడం సమంగా లేదు. ఒక కాలు ఈడుస్తోంది. వినపడటంలేదూ?"

నాకు వినపడలేదు. వారం రోజులు బల్ల మీద పెట్టుకుని విన్నాను, బాగుందనుకున్నాను. అదే చెప్పాను.

"నీకెలా వినపడుతుంది. నా కుర్చీలో కూర్చున్నావు గానీ నా చెవులు రాలేదుగా" అన్నాడు. నవ్వుతూ అనలేదు, అలా అని తిట్టినట్టూ లేదు. ఏమిటో నాకు తెలియలేదు.

మూడో బస్సు వచ్చింది. గడియారం నా చేతిలో పెట్టి నన్ను ఎక్కించాడు. కండక్టరు తొందరపెడుతున్నాడు. బావ కిటికీ దగ్గరకు వచ్చి చువ్వ పట్టుకున్నాడు.

"వచ్చే ఆదివారం రాకు" అన్నాడు.

"రాను బావా" అన్నాను.

బస్సు కదిలింది. పక్కనే నాలుగడుగులు నడిచాడు. "ఆ పై ఆదివారం రా. నీ పనిముట్లు తెచ్చుకో."

అందుకే ఈ ఉత్తరం. ఈ ఆదివారం నాకు పళ్ళెం పెట్టకు.

నీ అన్నయ్య