నీ వంతు భయం

ప్రియమైన అక్కా,

నీకు మూడో నెలన్న కబురు బావ రాసిన రెండు ముక్కల్లో చదివి, ఒక్క పరుగున మెట్లు దిగి వీధిలోకొచ్చేశాను, ఎండ తొడుగు లేకుండానే. ఊరి మీద ఎండకు అడ్డంగా కట్టిన తెర చిరుగులోంచి పడిన ఎండ మెడ మీద చురుక్కుమన్నాక వెనక్కి పరిగెత్తాను. నువ్వుంటే చెవి మెలేసేదానివి. తెర కట్టి మూడు వందల ఏళ్లైందట, ఈ ఊళ్లో అది జల్లెడలా ఉంది. నువ్వు కుట్టి పంపిన తొడుగే నన్ను కాపాడుతోంది.

ఫోను తీగ మీద మాట్లాడేదంతా ఎవరో ఒకరు వింటారు కనక మనకు కాగితమే గతి.

కొత్త ఉద్యోగంలో చేరాను. కాలు నిలవదని తిట్టకు. ఇది దిద్దుబాటుశాల, పుట్టబోయే పిల్లల జన్యువులు సరిచేసే చోటు. ఎండకు మాడని చర్మం, దుమ్ముకు ఆగే ఊపిరితిత్తులు, తల్లిదండ్రులు అడిగినవి పెట్టడం నా పని. తర్వాత పిండం ఉన్న గాజు చిప్ప ముద్రగదికి వెళ్తుంది. అక్కడ ఆఖరిసారి చూసి, మూత బిగించి, తల్లి ఉన్న ఊరికి పంపుతారు. నేను చేరకముందు నీ బిడ్డ కూడా ఇక్కణ్నుంచే నీ కడుపులోకొచ్చింది.

ఆ ముద్రగది వాళ్లే నాకు అంతుపట్టడం లేదు. వాళ్లకు పెద్ద ఒక ముసలావిడ, అందరూ పెద్దమ్మ అంటారు. ఒక్కళ్లూ లిఫ్టెక్కరు. కమ్మీ పట్టుకుని మెట్లు దిగుతారు. తలుపు గడియ వేసి, లాగి చూసి, రెండడుగులేసి మళ్లీ వెనక్కొచ్చి లాగుతారు. అందరూ తిన్నాకే గిన్నెలో చెయ్యి పెడతారు. మొదట్లో 'మా అక్క చుట్టాలే' అని నవ్వుకున్నాను. కానీ ఒకే గదిలో అంతమంది పిరికివాళ్లా? ఇదేదో వాళ్లలో వాళ్లకు గుర్తు. ఒక గుట్టు సంఘం ఉందని, మాట బయటపెట్టకూడదని క్యాంటీన్లో గుసగుస.

ఇంకోటి. పనివాళ్ల పిల్లల్ని ఉంచే గదిలో ఒక చంటిది వేడి నీళ్ల గొట్టం మీద చెయ్యి పెట్టింది. కాలింది, ఏడ్చింది. ఏడుస్తూనే మళ్లీ పెట్టింది. నేను లాగేసేలోపు అదే గొట్టం, అదే చెయ్యి. అంతలో కరెంటు పోయింది. కిటికీ లేని గది, చిమ్మచీకటి. ఒక్క బిడ్డ కూడా కేర్మనలేదు. చీకట్లో బొమ్మలు కదులుతున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది. ఆ గదిలో భయమేసింది నాకొక్కదానికే.

నీ గాలిపటం


నా గాలిపటానికి,

నీ ఉత్తరం చదివి అన్నం సహించలేదు. నీకేం, రాసేసి చేతులు దులుపుకున్నావు. ఇక్కడ పిరికిగొడ్డు అనే బిరుదు మోస్తున్నది నేను. బావ పడీపడీ నవ్వాడు. "మీ చెల్లి ఊరికే ఉండలేక కథలల్లుతోందే, రైల్లో టికెట్లు చూసే నాకే రోజుకు పది కథలు దొరుకుతాయి" అన్నాడు. ఆయనకు దేనికీ బెదురు లేదు. కదిలే బండి ఎక్కే మనిషి.

మూడో అంతస్తుకి ఇల్లు మారాం. బాల్కనీకి పిట్టగోడ మోకాళ్ల దాకే ఉంది. అటు వెళ్లకుండా నేనే తలుపుకి బీరువా అడ్డం పెట్టించాను. లిఫ్టుకి అద్దాల నేల, అందుకని కడుపుతో మెట్లెక్కుతున్నాను. కుట్టిన ప్రతి తొడుగునీ దీపానికి పట్టి చూడనిదే ఎవరికీ ఇవ్వను. భయం ఉండబట్టే కదే నా కుట్టుకి పేరొచ్చింది.

ఎవరినీ ఏమీ అడగకు, నీకు దండం పెడతాను. కానీ ఒక్కటి చెప్పు. ఆ చంటిదానికి ఏం చేశారో, నా బిడ్డకూ అదే చేశారా?

అక్క


ప్రియమైన అక్కా,

కూర్చుని చదువు. బావకి చూపించకు.

ముద్రగదికి వెళ్లాల్సిన చిప్ప, వెళ్లొచ్చిన చిప్ప పక్కపక్కన పెట్టి చూశాను. వెళ్లొచ్చిన దాంట్లో ఒక జన్యువు ముక్క ఎక్కువుంది. ఏ తల్లీ అడగనిది. చదువుకున్నదాన్ని కదా, అది మెదడులో ఎక్కడ పనిచేస్తుందో నాకు తెలుసు. ఆ ముక్క ఉన్న బిడ్డకు నొప్పి తెలుస్తుంది, ఆకలి తెలుస్తుంది. భయం మాత్రం పుట్టదు. ఏళ్ల తరబడి ప్రతి చిప్పలోనూ పెడుతున్నారు. నీ దాంట్లో కూడా.

అంతటితో అయిపోలేదు. బిడ్డ కణాలు కొన్ని తల్లి రక్తంలో కలవడం మామూలే. ఈ ముక్క ఉన్నవి తల్లి మెదడు దాకా పోతాయి. నెమ్మదిగా తల్లికీ భయం ఆరిపోతుంది.

ఐదో నెల దాటేలోపు దీన్ని విప్పేయొచ్చు. నాకు చేతనవును, పనిముట్లు ఉన్నాయి, బిడ్డకు ప్రమాదం లేదు. కానీ నువ్వు రావాలి. వెంటనే రావాలి. ఇవాళ భయపడుతున్నావు చూడు, ఆ భయం ఉండగానే బండెక్కు. అది పోయాక నీకు రావాలనే అనిపించదు.

ఎవరికీ చెప్పకు. నా పక్క బల్ల మీద పనిచేసే పిల్ల ఉంది, వాగుడుకాయ అంటాం. ఆ ముక్కేమిటని నిండు సమావేశంలో అడిగేసింది. తర్వాత జ్వరమని చెప్పి దానికి ఏదో సూది వేశారు. వారం పోయాక నవ్వుతూ వచ్చింది. యాసిడ్ సీసాలు ఒట్టి చేతుల్తో ఎత్తుతోంది. వేళ్లు బొబ్బలెక్కాయి. "నిన్నేం చేశారే?" అన్నాను. "ఏం చేస్తేనేం, హాయిగా ఉంది" అంది. 

నీ చెల్లి


చెల్లీ,

జవాబు ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. నీ ఉత్తరం వచ్చిన రోజు వణికిపోయాను. బట్టలు కూడా సర్దాను. మర్నాడు బండి దొరకలేదు. ఆ తర్వాత ఒక తొడుగు కుట్టడం మిగిలిపోయింది. అది అయ్యాక చూస్తే అంత తొందరేముందిలే అనిపించింది.

ఇక్కడంతా బాగుంది. నిద్ర బాగా పడుతోంది. లిఫ్టెక్కాను తెలుసా? అద్దాల్లోంచి కింద మనుషులు చీమల్లా కనిపిస్తే ముచ్చటేసింది. బీరువా తీయించేశాను, బాల్కనీలోకి గాలి ఎంత బాగా వస్తుందో. మొన్న తొడుగు లేకుండానే బజారుకెళ్లొచ్చాను. మెడంతా బొబ్బలు. మంటగా ఉంది, కానీ దానికేం.

నువ్వే చిక్కిపోతావు ఇలా ఆలోచిస్తే. వేళకి తిను. వీలు చూసుకుని వస్తాలే.

అక్క


అక్కా,

వీలు చూసుకుంటావా? నీ చేతిరాత మారిపోయింది. ఇదివరకు పదం పదానికీ కొట్టివేతలు ఉండేవి, రాసింది తప్పేమోనని. ఈ ఉత్తరంలో ఒక్కటీ లేదు.

నాకు ఆరేళ్లప్పుడు మన వీధి మీద తెర నిలువునా చిరిగింది, గుర్తుందా? పిల్లలందరం పైకి చూస్తూ గంతులేస్తున్నాం. నువ్వొక్కదానివే కెవ్వున అరిచి, నన్ను ఈడ్చుకెళ్లి ఖాళీ నీళ్ల పీపా కింద దాచావు. సాయంత్రం దాకా అక్కడే ఇరుక్కుని కూర్చున్నాం. గంతులేసిన వాళ్లలో ఎవరూ మిగల్లేదు. పిరికిగొడ్డని జీవితమంతా నిన్ను ఏడిపించాను గానీ, ఆ పిరికితనం పెట్టిన బతుకే నాది.

ఐదో నెల దాటడానికి ఇంకా నాలుగు రోజులున్నాయి. నీకు రావాలని లేకపోయినా రా. చెల్లెలు మొండికేసింది, పోనీలే పాపం అనుకుని రా. ఎవరితోనూ ఏమీ అనకు. నేనే వద్దును గానీ స్టేషను గేటు దగ్గర నన్ను ఆపేస్తున్నారు, నా వెనకే ఎవరో నడుస్తున్నారు.

నీ చెల్లి


ప్రియమైన చెల్లీ,

మీ ముద్రగది పెద్దమ్మ నన్ను చూడ్డానికి వచ్చింది. ఐదో నెల దాటిన తల్లులందర్నీ చూస్తుందట. పాపం, చేతులు ఎలా వణుకుతాయో. మంచిది కూడా. "మీ చెల్లి ఏమైనా రాసిందా తల్లీ?" అంటే ఉన్నదంతా చెప్పాను. చెప్పొద్దన్నావని గుర్తుంది, ఎందుకన్నావో మాత్రం ఎంత ఆలోచించినా తట్టలేదు. నీ గదికి వస్తానంది. వస్తే తలుపు తియ్యి.

బిడ్డ తంతోంది.

అక్క


ప్రియమైన అక్కా,

తీశాను. అంతకుముందు మంచం, బల్ల తలుపుకి అడ్డం లాగి, కత్తెర పట్టుకుని మూల కూర్చున్నాను. బయట్నుంచి గొంతు: "తియ్యమ్మాయ్. మెట్ల మీద నిలబడితే నాకు కళ్లు తిరుగుతాయి."

పెద్దమ్మ, ఇంకో ముద్రగది ఆయన గోడ పట్టుకుని లోపలికొచ్చారు. కత్తెర చూసి ఆయన ఆవిడ వెనక దాక్కున్నాడు. మంచినీళ్లిస్తే "నువ్వు ముందు తాగు తల్లీ, తప్పుగా అనుకోకు" అంది.

అప్పుడర్థమైంది. అవి గుర్తులు కావు. వాళ్లు నిజంగానే భయపడుతున్నారు. అందరి దగ్గరా భయం తీసేసి, తమకు మాత్రం అట్టే పెట్టుకున్నవాళ్ల సంఘం అది.

"ఎందుకు?" అన్నాను.

"తెర ఇంకో తరం ఆగదు. పైకెక్కి కుట్టాలి. ఎక్కినవాళ్లలో సగం మంది దిగరు. తెలిసీ నవ్వుతూ ఎక్కేవాళ్లు కావాలి."

"అడిగితే రారా?"

"మా అమ్మమ్మల నాడు అడిగారు. ఎవరూ రాలేదు."

"మీరే ఎక్కొచ్చుగా?"

"భయం తల్లీ" అంది.

రెండు దారులు చెప్పింది. సూది, లేదా ముద్రగది. చిరుగుని ముందే పసిగట్టి అరిచే మనుషులు వాళ్లకు తక్కువవుతున్నారట. అబద్ధం ఎందుకు, సూది మీదికే మనసు పోయింది. ఈ గుండెదడ లేకుండా ఒక్క రాత్రి పడుకుంటే చాలనిపించింది. అంతలో మోకాళ్ల దాకా ఉన్న నీ పిట్టగోడ కళ్లముందు మెదిలింది. నీకు భయం లేదు. పుట్టేదానికి ఉండదు. బావ సంగతి సరేసరి. నేనూ నవ్వుతూ కూర్చుంటే, నీ చంటిది వేడి గొట్టం మీద రెండోసారి చెయ్యి పెట్టేటప్పుడు లాగేవాళ్లెవరు?

మీ ఊళ్లో కొత్తగా పెడుతున్న ముద్రగదికి పంపితేనే చేరతానన్నాను. ఒప్పుకున్నారు. నిన్న నా చేతికి మొదటి చిప్ప ఇచ్చారు, ఎవరి బిడ్డో. ఆ ముక్క పెట్టాను.

ఇది చదివితే నీకేమీ అనిపించదు, అందుకే రాయగలిగాను. ఎవరికైనా చెప్పుకో, వాళ్లూ నవ్వేస్తారు. రేపటి బండికి వస్తున్నాను. ఏదో ఒక రోజు నీ బిడ్డని తెర మీదికి పిలుస్తారు. ఆ రోజు నేను కెవ్వున అరుస్తాను, దాన్ని ఎక్కడో దాస్తాను. ఇంతకుమించి ఏమీ ఆలోచించలేదు.

నేను వచ్చేదాకా బాల్కనీ తలుపు తియ్యకు. ఎందుకని అడగకు, చెప్పినా నీకు తట్టదు. చెల్లి వద్దంది కదా అని తియ్యకు. అంతే.

నీ పిరికిగొడ్డు