పురానాపూల్ సుషీ హోటల్

ప్రేమ్‌రాజ్ అన్నకు,

ముంబై హోటల్లో నాకు ఉద్యోగం చూసినందుకు సంతోషం. కానీ నేను రాలేను. కోపగించుకోకు.

పురానాపూల్‌లో సుషీ హోటల్ పెట్టిన ఆనందరావు సారుకు పోయిన నెల పక్షవాతం వచ్చింది. అప్పటినుంచి హోటల్ మూసే ఉంది. చేపలు కోసి అమ్ముకునే నన్ను పిలిచి, జపాన్‌లో తాను నేర్చిన వంటంతా నేర్పింది ఆయనే. పదేళ్లుగా ఆ వంటగదే నా ఇల్లు.

నిన్న చూడటానికి ఆయన ఇంటికి వెళ్లి, నీ కబురు చెప్తే, "ఇగ తెరువనమ్మా. నువ్వు ముంబై పో" అన్నారు.

అన్నం వండి, వెనిగర్ కలిపి, చిన్న ముద్ద మీద చేపముక్క పెట్టి, సుషీ చేసి నోటికందించాను. చాలాసేపు నమిలారు.

"వెనిగర్ ఎక్కువైంది. రేపు సక్కగ కలుపు."

రేపు అన్నారన్నా. అందుకే ఇవాళ పొద్దున్నే హోటల్ తాళం తీశాను.

నీ చెల్లెలు